లోయ చూడబోయిన శుక్రవారం

ఆ లోయ సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది నర్సు అక్క. దుబాయ్ కరామాలో మేమున్న ఫ్లాట్లో ఒక గది నాదీ మా ఆయనదీ, ఒక గది ఆవిడది, వంటిల్లు ఇద్దరిదీ. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీకు లోయ దొరికిందే!" అంది, పోయిన ముక్కుపుడక దొరికినంత సంబరంగా.

వాళ్ళమ్మగారు విజిట్ వీసా మీద కూతుర్ని చూడ్డానికి వచ్చి ఉన్నారు. నేను ఆవిడని మామ్మగారూ అనేదాన్ని. నేల మీద చాప వేసుకుని పళ్ళెంలో బియ్యం ఏరుతున్నారు. దుబాయ్ బియ్యంలో రాళ్ళుండవండీ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఏరడం మానలేదు.

"ఎక్కడే?" అన్నారు, తలెత్తకుండానే.

"ఫుజైరా వైపు కొండల్లో. మా జర్మనీ డాక్టరుగారు చెప్పారు. చలికాలంలో ఆయన అక్కడికి వెళ్ళి నడిచొస్తారంట. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చంట."

మామ్మగారు పళ్ళెం పక్కన పెట్టి, తలెత్తి ఫ్రిజ్ మీదున్న కేలండర్ వంక చూశారు.

ఆ కేలండరు కూడా ఆ డాక్టరుగారిచ్చిందే. నెలకో బొమ్మ, అన్నీ ఆయన దేశంలోని పల్లెపట్టులవి. ఇసుకరాతి కొండలు నిలువునా చీలిపోయి, ఆ చీలికలో మనిషి పట్టేంత దారి. రాతిమీద పచ్చటి నాచు. పైన తాడంత ఆకాశం. భుజాన సంచులు, చేతిలో కర్రలతో ఒక ముసలి జంట నడిచిపోతూ ఉంటారు. అక్కడివాళ్ళు సెలవురోజున రొట్టె మూట కట్టుకుని ఇలాంటి లోయల్లో నడవడానికే పోతారట. పనీ కాదు, మొక్కూ కాదు, ఊరికే నడవడానికి. అక్క చెప్తే నేను నవ్వాను. మామ్మగారు నవ్వలేదు. ఆవిడకి ఆ బొమ్మతో పనుంది.

ఆ పనేమిటో చెప్పాలి. గోదావరి కాలువ పక్కన ఉన్న వాళ్ళ ఊళ్ళో మామ్మగారు పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పిల్లలకి సండేస్కూలు చెప్తున్నారు. అందులో ఒక పాఠం, కాపరి తన గొర్రెల్ని చీకటి లోయలోంచి నడిపించి అవతలికి తీసుకెళ్ళడం. ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఆవిడ నల్లబల్ల మీద బొమ్మ గీసేవారు. అటో గట్టు, ఇటో గట్టు, మధ్యన నీళ్ళు. లోయ అంటే రెండు ఎత్తుల నడుమ పల్లం అని ఎవరో చెప్పారు. ఆ ఊళ్ళో ఎత్తంటే కాలువగట్టే. ఇంకేం గీస్తారు? అలా ఎందరో పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయిపోయారు. ఇక్కడికి రావడానికి ముందు మాత్రం ఒక పిల్ల లేచి, "మామ్మా, గట్టెక్కితే ఊరంతా కనబడుద్ది కదా, గొర్రెలకి బయమెందుకు?" అని అడిగిందట.

"అది అడిగింది నిజమే కదమ్మాయ్," అన్నారు నాతో. "ఇన్నేళ్ళూ చూడనిదాన్ని చూసినట్టు చెప్పేను. ఒక్కసారి కళ్ళతో చూసి వెళ్తే ఆ పిల్లకి జవాబు చెప్తాను."

ఆవిడ బాధ నాకు తెలుసు. నేనూ పల్లం మనిషినే. మా నాన్న సముద్రపొడ్డున ఉప్పుమళ్ళకి కావలి. బడి దూరం, దారిలో మురుగుకాలవలు. అందుకని నన్ను బడికి పంపలేదు. మా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, బైబిలు వాక్యం చదవడం నేర్పింది. ఆ చదువే ఈ రోజు నాతో ఇంత రాయిస్తోంది. అందుకు దేవునికీ, మా అమ్మకీ ఎప్పుడూ రుణపడే ఉంటాను. కానీ కొండ అన్నది మా అమ్మా చూడలేదు, నేనూ చూడలేదు. మొదటిసారి చూసింది దుబాయ్ వచ్చేటప్పుడు విమానం కిటికీలోంచి. పైనుంచి చూస్తే అది కూడా నలిగిన దుప్పటిలాగే ఉంది.

సరే, లోయ దొరికింది. ఇక వెళ్ళడమే అనుకున్నాం. ఎంత తేలిగ్గా అనుకున్నామో!

మొదటి శుక్రవారం అక్కకి డ్యూటీ మార్చేశారు. తోటి నర్సుకి జ్వరం. తర్వాతి శుక్రవారం కారు ఇస్తానన్నాయన పొద్దున్నే ఫోన్ చేసి, బేటరీ డౌన్ అన్నాడు. ఆ పై వారం వాన. దుబాయ్‌లో ఏడాదికి నాలుగు చినుకులు పడితే గొప్ప, అవన్నీ మా శుక్రవారానికే దాచిపెట్టినట్టు కురిశాయి. వాన పడితే కొండల్లో ఒక్కసారిగా నీళ్ళు ముంచుకొస్తాయి, వెళ్ళొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారట. వానకి స్తోత్రం చెప్పడం మా ఇంట్లో అలవాటు. ఆ రోజు కూడా చెప్పాను, పళ్ళు బిగబట్టి చెప్పాను.

మామ్మగారు మాత్రం ప్రతి గురువారం సాయంత్రం తన కేన్వాసు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకునేవారు. సత్వా బజారులో నేనే కొనిపెట్టాను. జీవితంలో మొదటి బూట్లు. శుక్రవారం మధ్యాహ్నానికి వాటిని మళ్ళీ మంచం కిందికి తోసేవారు. ఆ చప్పుడు వింటే నాకు మరీ కష్టంగా ఉండేది.

అలా చివరి శుక్రవారం వచ్చింది. మంగళవారం ఆవిడ విమానం, వీసా ఇక పొడిగించరు. ఈసారి కారు నమ్ముకోకూడదని అక్క మా ప్రార్థన సహవాసం పెద్దాయన్ని అడిగింది. ఆయన ఒక కంపెనీలో స్టోర్‌కీపరు, వ్యాన్ సంపాదించగల మనిషి. ఆయన మంచివారు, అది ముందే చెప్తున్నాను. నాకు జబ్బు చేసినప్పుడు మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేశారు, నేను మరిచిపోలేదు. కానీ ఏ పనైనా ఆయన చేతిలో పడిందంటే పెళ్ళి అయిపోతుంది.

"మామ్మగారొక్కరే ఎందుకు చూడాలమ్మా? సంఘమంతా చూద్దాం!" అన్నారు.

అంతే. ముగ్గురు ఆడవాళ్ళం వెళ్దామనుకున్నది వ్యానెడు జనమయ్యాం. డాక్టరుగారు తెల్లారకముందే బయల్దేరమన్నారు. పెద్దాయన ఆరాధన అయ్యాకే అన్నారు. శుక్రవారం ఇక్కడ సెలవు, మాకు ఆదివారంలాంటిది, ఆరాధన ఎగ్గొట్టమని నేనూ అనను. కానీ ఆ రోజు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. ఒకాయన తన డ్రైవింగ్ లైసెన్సు కథ మొదలుపెట్టి, ఫెయిలైన ప్రతిసారీ ఏ సందులో ఎటు తిప్పాడో వివరంగా చెప్పాడు. నా పక్కన మామ్మగారు బూట్లతో కూర్చుని, తెల్లచీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు.

బయటికొచ్చేసరికి ఎండ నెత్తిమీద ఉంది. వ్యాన్ దగ్గర బిర్యానీ డేగిసా, పులిహోర గిన్నెలు, పెరుగు బకెట్, రెండు చాపలు. డ్రైవరు జగిత్యాల వైపు తమ్ముడు. వారమంతా ఒక కంపెనీలో లేబర్ని తిప్పుతాడు. అతను గిన్నెల్నీ, ఆడవాళ్ళ హైహీల్ చెప్పుల్నీ చూసి నోరు తెరిచాడు.

"గుట్టలల్ల తిరుగనికి పోతున్నమా, పెండ్లికి పోతున్నమా అమ్మా?"

"నీకెందుకు తమ్ముడూ, ఎక్కించుకో," అన్నారు పెద్దాయన.

"ఎక్కించుకుంట, నాదేం బోయింది. గని పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యే వరకు బండి వాపస్ ఇయ్యాలె. లేబరోల్లు ఎదురుచూస్తుంటరు. లేటైతే ముదీర్ నా తోలు దీస్తడు. యల్లా, ఎక్కుండ్రి, ఎక్కుండ్రి."

దారిలో మసాఫీ దగ్గర రోడ్డు పక్కన సంత ఉంటుంది. తివాచీలు, మట్టికుండలు, మొక్కలు, పళ్ళు. అక్కడ ఆపొద్దని నేను మనసులో ప్రార్థన చేస్తూనే ఉన్నాను. వ్యాన్ ఆగింది. ఒకావిడకి కుండీ కావాలి, ఇంకొకాయనకి మామిడిపళ్ళు. బేరాలు మొదలయ్యాయి. నేను దిగి, "వదినా, వచ్చేటప్పుడు కొందాం, ఇప్పుడు పొద్దుపోతుంది," అని ఒక్కొక్కరినీ బతిమాలాను.

"నీకెందుకే అంత తొందర? లోయేమైనా పారిపోతుందా?" అంది కుండీ ఆవిడ.

లోయ పారిపోదు. పారిపోయేది పొద్దు. కానీ ఆవిడతో ఏం వాదిస్తాం? వ్యాన్లో డ్రైవరు స్టీరింగ్ మీద తలపెట్టుకుని, "ఖలాస్, ఇగ అయ్యేది కాదు ఇది," అని తనలో తానే అనుకుంటున్నాడు.

తారురోడ్డు అయిపోయిన చోట దిగాం. గులకరాళ్ళ వాగు, అటూ ఇటూ గోధుమరంగు కొండలు. నడవడం మొదలెట్టామో లేదో, దారి రెండుగా చీలింది. ఎడమవైపు ఎండిపోయిన పాయ. బండరాళ్ళు తప్ప ఏమీ లేవు, ముందుకు పోయేకొద్దీ కొండలు దగ్గరకొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కుడివైపు సిమెంటుతో కట్టిన చిన్న కాలువ. కొండల్లో ఊటనీళ్ళు తోటలకి తీసుకుపోవడానికి ఇక్కడివాళ్ళు కట్టుకునే కాలువ అది. నీళ్ళు గలగలమంటూ పోతున్నాయి, వేలెడంత చేపపిల్లలు కూడా ఉన్నాయి.

అక్క ఆగింది. "బ్రదర్గారూ, డాక్టరుగారు చెప్పింది ఈ చోటే. ఇక్కడ నీళ్ళు వదిలేసి ఎండిన వైపు వెళ్ళమన్నారు."

పెద్దాయన నవ్వారు. "నీళ్ళు వదిలేసి రాళ్ళలోకి ఎవరన్నా పోతారా అమ్మా? ఆ డాక్టరుగారికి మందులు తెలుస్తాయి గానీ కాలువ సంగతి మనకి చెప్తారా? కాలువ పట్టుకుని పోతే ఎప్పుడైనా మంచిచోటుకే పోతాం."

అందరూ తలలూపారు. మేమంతా కాలువగట్టు మనుషులం. మా ఊళ్ళల్లో దారి తప్పినవాడికి చెప్పే మాట ఒక్కటే, కాలువెంట పోరా నాయనా, ఊరొస్తుంది అని. బోదె పట్టుకుని పోతే కాలువ, కాలువ పట్టుకుని పోతే లాకులు, లాకుల దగ్గర టీకొట్టు. నీళ్ళున్న వైపు కాకుండా లేని వైపు నడవమంటే మా కాళ్ళు వినవు.

అక్క వాళ్ళమ్మ వంక చూసింది. నేనూ చూశాను. ఆవిడ ఒక్కమాట అంటే ఆగేవాళ్ళం.

మామ్మగారు కాలువ వంక చూస్తూ, "నా బొమ్మలో కూడా నీళ్ళున్నాయి కదే," అన్నారు. "నీళ్ళుంటేనే కదా గొర్రెలు వెళ్ళేది."

ఇంక చెప్పేదేముంది? పాటలు పాడుకుంటూ కాలువ వెంట నడిచాం. డేగిసా ఇద్దరు మోస్తున్నారు, హైహీల్స్ వాళ్ళు చెప్పులు చేతబట్టుకున్నారు. కాలువ కొండ అంచున మెల్లగా తిరిగి, పల్లంలోకి దిగి, ఒక ఖర్జూరం తోటలోకి పోయింది. తోటకి రాతిగోడ, గోడ లోపల నీళ్ళతొట్టి. కాలువ ఆ తొట్టిలో పడి ఆగిపోయింది. ముందుకు దారి లేదు.

"ఇది తోట. లోయ కాదు," అంది అక్క.

ఎవరూ పట్టించుకోలేదు. నీడ ఉంది, నీళ్ళున్నాయి, అచ్చం కోనసీమలా ఉంది అన్నారు. చాపలు పరిచారు. పెద్దాయన భోజనం మీద చేసిన ప్రార్థన మా ఆరాధనకి రెండో భాగంలా సాగింది. కొండల్ని చేసినందుకు, నీళ్ళని ఇచ్చినందుకు, మమ్మల్ని నడిపించినందుకు. ఆ ఆఖరి మాటకి నేను ఆమెన్ అనలేకపోయాను. చేతిలో పులిహోర పళ్ళెం, కళ్ళు సూర్యుడి మీద.

"లోయకి ఎప్పుడు వెళ్దామండీ?" అన్నాను.

"ముందు తినమ్మా. వచ్చినవాళ్ళని పస్తులు పెట్టి లోయలు చూపిస్తామా?"

మామ్మగారు రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టేశారు. గోడ దగ్గరికి వెళ్ళి, తొట్టిలో పడుతున్న నీళ్ళు చూస్తూ నిలబడ్డారు. నేను పక్కకి వెళితే, "తప్పు నాదేనమ్మాయ్, నేనూ నీళ్ళవైపే చూసేను," అన్నారు. ఆవిడ అలా అనేసరికి నాకు అందరి మీదా కోపం ఇంకా ఎక్కువైంది.

తిరిగి చీలిక దగ్గరికి వచ్చేసరికి కొండలకి ఒక పక్క నీడ దిగిపోయింది. కింద రోడ్డు మీద నుంచి వ్యాన్ హారను మోగుతోంది, ఒకటే మోత. అక్కకి కూడా తిరిగెళ్ళి డ్యూటీ ఎక్కాలి. అందరూ కిందికి దిగుతున్నారు. మామ్మగారు మాత్రం దిగలేదు. ఎండిన పాయ ముందు నిలబడిపోయారు.

"ఒక్కసారి అలా లోపలికి చూసొస్తాను."

"మామ్మగారూ, పొద్దువాలిపోతోందండి. పాపం ఆ తమ్ముడు బండి ఇవ్వాలి," అన్నారు పెద్దాయన.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టులో ఎంత బలముందో ఇప్పటికీ నా మణికట్టుకి గుర్తుంది. ఇద్దరం రాళ్ళమీదుగా నడిచాం. మొదట ఏమీ లేదు, ఎండిన వాగు, అంతే. తర్వాత బండల మధ్య వంగి ఒక మూల తిరిగామో లేదో, కొండలు రెండూ ఒక్కసారి లేచి మా మీదికొచ్చినట్టయింది. ఎండ పోయింది. చేతులు చాపితే రెండు పక్కలా రాయి తగిలేలా ఉంది. రాయి చల్లగా, నున్నగా, నీళ్ళు అరగదీసిన గచ్చులా ఉంది. హారను ఎక్కడో నీళ్ళడుగున మోగినట్టు వినిపించింది. మా అడుగుల చప్పుడు మా వెనక నుంచే వచ్చి, నేను ఉలిక్కిపడి తిరిగి చూశాను.

మామ్మగారు గోడమీద అరచెయ్యి పెట్టి తల పైకెత్తారు. ఎక్కడానికి గట్టు లేదు. ముందు ఇంకో మలుపు. దానవతల ఏముందో కనబడదు.

"ఇదమ్మాయ్," అన్నారు మెల్లగా. "ఇదీ బయం. ముందుకేముందో తెలీదు, పైకెక్కి చూద్దామంటే వీల్లేదు. గొర్రె ఎందుకు బయపడదు? నేనే బయపడుతున్నాను."

ఆవిడ మొహంలో ఎంత వెలుగొచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళకి జవాబు దొరికిన మొహం. ఆ మలుపు వైపు అడుగేశారు.

"అమ్మా!" అని అక్క కేక. పరిగెత్తుకుంటూ వచ్చింది, రొప్పుతోంది. "ఇక చాలే అమ్మా, రా. డ్రైవరు వెళ్ళిపోతానంటున్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"ఆ మలుపు దాకానే. బయటికెలా వస్తామో చూడాలి కదే."

"తర్వాత చూద్దువుగాని."

తర్వాత ఎప్పుడు? మంగళవారం విమానం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నేను, "అక్కా, నువ్వెళ్ళు, మేం వస్తాం," అన్నాను. మేం వచ్చేదాకా ఆగడానికి బండి లేదు. మా ఆయనకి ఆ రోజు డ్యూటీ, ఆయన్ని పిలుద్దామన్నా కొండల్లో ఫోను పలకదు. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆవిడ తప్పు మాత్రం ఏముంది? మామ్మగారు ఇద్దరి వంకా చూశారు. కూతురి ఉద్యోగం ముందు తన మలుపెంత అనుకుని ఉంటారు. గోడమీంచి చెయ్యి తీసేశారు.

వ్యాన్లో అందరూ నిద్రపోయారు. డ్రైవరు అద్దంలోంచి, "జూసినవా అవ్వా లోయ?" అని అడిగాడు.

"సగం చూసేను నాయనా."

"సగమేంది అవ్వా, దినమంతా ఏం జేసిండ్రు మరి?"

పెద్దాయన గుర్రుపెడుతున్నారు.

మంగళవారం ఆవిడ వెళ్ళిపోయారు. మరుసటి చలికాలం నేను, మా ఆయన పట్టుబట్టి తెల్లవారుజామునే బయల్దేరి ఆ లోయకి వెళ్ళాం. గిన్నెలు లేవు, రొట్టె మూట ఒకటి. ఎండిన పాయ పట్టుకుని, ఆ మలుపు దాటి, మరెన్నో మలుపులు తిరిగాక గోడలు మెల్లగా విడిపోయి, ఒక నీటిమడుగు, దాని మీద వెలుగు కనిపించాయి. అక్కడ కూర్చుని రొట్టె తింటుంటే ఆ జర్మనీవాళ్ళు ఊరికే నడవడానికి ఎందుకు పోతారో నాకు కొంచెం తెలిసింది. దేవుడు నన్ను అంతదాకా తెచ్చినందుకు కృతజ్ఞత చెప్పాను. కానీ చూడాల్సినావిడ చూడలేదు. నాకెందుకు చూపించాడు?

ఫోన్ కార్డు గీకి, ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మడుగు ఎంత వెడల్పు, వెలుగు ఎటునుంచి పడింది, గొర్రెలు తాగడానికి వీలుంటుందా, అన్నీ అడిగి విన్నారు. "ఇంకేం మామ్మగారూ, ఇప్పుడు పాఠం మొత్తం చెప్పేయొచ్చు," అన్నాను.

"అలా కుదరదమ్మాయ్. నువ్వు చూసేవు, నేను చూళ్ళేదు. మళ్ళీ చూడనిదాన్ని చెప్పమంటావా?"

ఎంత చెప్పినా వినలేదు. ఇది రాస్తున్నప్పటికీ అదే పట్టు. ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని మలుపు దాకా తీసుకెళ్తారట. చలువ చెప్తారు, అడుగుల చప్పుడు చెప్తారు, భయం చెప్తారు. ఆ పిల్లకి జవాబు దొరికింది. అక్కడితో ఆపేసి, "నేను చూసింది ఇంతవరకే. బయటికి తీసుకొస్తాడని నమ్మేను. చూసినవాళ్ళొస్తే వాళ్ళని అడగండి," అంటారట. పిల్లలు ఊరుకోరు. తల్లులు గొణుగుతున్నారు, కథ మధ్యలో వదిలేసి పిల్లల్ని ఏడిపిస్తోందని. పాస్టరుగారు పిలిచి మాట్లాడారట, ఆయన మాటా వినలేదు. మామ్మగారు నన్నొచ్చి చెప్పమంటారు. నా సెలవులు, టిక్కెట్లు, ఏదో ఒకటి అడ్డం. ఇంకా వెళ్ళలేకపోయాను.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఎక్కడైనా సరే రెండు కొండల మధ్య నుంచి నడిచి మీరు అవతలికి బయటపడితే, అక్కడ కాసేపు ఆగి ఆవిడని తలుచుకోండి. ప్రార్థన చేసేవాళ్ళయితే ప్రార్థనలో తలుచుకోండి. ఆవిడ పేరు నేను చెప్పలేదు. మామ్మగారు అంటే చాలు.